ఒకే మీట, రెండు లిపులు



వస్తువు చూడముచ్చటగా ఉంటే చాలదు, మన అలవాటుకు ఒదగాలి. అలా ఒదిగినది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ దీన్ని ప్రామాణికం చేసింది. నేటి కంప్యూటర్లలోనూ ఇది ఉంది.

మన లిపుల రూపాలు వేరైనా వర్ణమాల క్రమం దాదాపు ఒకటే. ఆ పోలికే దీనికి ఆధారం. ఇంగ్లీషు ‘కె’ మీట నొక్కితే తెలుగులో ‘క’ పడుతుంది. కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీల్లోనూ ఆ మీటే ‘క’. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు. హల్లులు చాలావరకు కుడిచేతి వైపు. ‘క్క’ కావాలంటే క, పొల్లు, మళ్ళీ క. పలకమీద నేర్చుకున్న పద్ధతే.

మన సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష. బళ్ళారిలో కన్నడం ఇలా టైపు చేయడం నేర్చిన పిల్లవాడు భాష మార్చుకుంటే చాలు, అవే వేళ్ళు తెలుగు రాస్తాయి. కానీ సెల్‌ఫోనులో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం అలవాటైతే, అతనికి తెలుగు లిపితో పనే పడదు.

వేళ్ళకు దారి కీబోర్డు చూపింది. కంటికి అక్షరం చూపించడం మాత్రం ఇంట్లో పెద్దల పని. రోజుకొక అక్షరమైనా చూపిద్దాం.