బావి మూసినంతనే బాధ్యత తీరదు

(ఘజియాబాదులో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కరవు భత్యము, ఖాళీల భర్తీ, క్వార్టర్ల మరమ్మతులు మన సమావేశాలలో ఎప్పుడూ ఉండే అంశాలే. ఈనాడు వాటిని కొంతసేపు ప్రక్కన ఉంచి త్రాగునీటి బావులను గురించి మాట్లాడదలచినాము. అది నగరపాలక సంస్థ పని కదా, యూనియన్‌కు ఏమి సంబంధమని కొందరు మిత్రులు అడిగినారు. రైల్వే కాలనీలలో బోరు వేయించేది, ట్యాంకు కడిగించేది, కుళాయికి నీరు వదిలేది రైల్వే ఇంజనీరింగు శాఖయే. యజమాని ఇచ్చే నీరు కూడా జీతము వలెనే ఉద్యోగి అడిగి తీరవలసిన విషయమని మా అభిప్రాయము.

ఈ ఘజియాబాదు 1976 నవంబరు వరకు మీరట్ జిల్లాలో ఒక తహసీలు పట్టణము మాత్రమే. ఆ తరువాత ఊరు పెరిగినది, కార్ఖానాలు పెరిగినవి. ఆ కార్ఖానాలు విడిచిన వ్యర్థాలు ఎక్కడికి పోయినవో ఇప్పుడు నేల చెబుతున్నది. లోహియానగర్ పేటలో భూగర్భ జలంలోనికి క్రోమియం దిగినది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి శుద్ధి చేయవలసిన కలుషిత స్థలాలలో ఆ పేటను చేర్చినది. త్రాగునీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. పాలు మిక్కిలిగా ఉంటే నీరు పసుపుపచ్చగా కనబడుతుంది. కొద్దిపాటిగా ఉంటే రంగూ లేదు, వాసనా లేదు. కంటికి తేటగా ఉన్నది గనుక త్రాగవచ్చుననే మాట ఇక్కడ చెల్లదు.

ఒక్క సంగతి మాత్రము మన ఇండ్లలోని ఆడవారికీ పిల్లలకూ తప్పక చెప్పవలసి ఉన్నది. నీటిని కాచితే క్రిములు చచ్చును, లోహము చావదు. మరిగిన కొద్దీ నీరు తగ్గి లోహపు పాలు హెచ్చుతుంది. బ్లీచింగు పొడి విషయమూ అంతే. మన శాఖలు ఉంచే క్లోరిన్ రిజిస్టరులో కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలినట్లు వ్రాసి ఉంటే సంతోషమే. కాని ఆ రిజిస్టరు క్రోమియంను గురించి ఒక్క ముక్క చెప్పదు.

క్రిముల విషయంలో సైతము క్లోరిన్‌నే నమ్ముకొని కూర్చుండరాదని ఢిల్లీ నగరము 1955 డిసెంబరులో తెలుసుకొన్నది. యమున ప్రవాహము మారి నజఫ్‌గఢ్ కాలువ మురుగు వజీరాబాదు పంపుల దగ్గరకు చేరినది. సిబ్బంది పసిగట్టి క్లోరిన్ పెంచినారు. టైఫాయిడ్ వంటివి ప్రబలలేదు. అయినను సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. ఆ వ్యాధి నేడు హెపటైటిస్-ఇ అని పిలువబడేదని శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరువాత తేల్చినారు. సిబ్బంది తమ పని తాము చేసినారు. లోపము మురుగునూ మంచినీటినీ అంత దగ్గరగా ఉంచిన ప్రణాళికలో ఉన్నది.

మన తెలుగు ప్రాంతము నుండి వచ్చినవారికి నల్లగొండను గురించి చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో. బావి నీరే ఎముకలను వంచుతున్నదని తెలిసిన తరువాత కూడా ఆ పల్లెలకు వేరే నీరు చేరడానికి ఎన్ని ఏండ్లు పట్టినదో మీరెరుగుదురు. చెడ్డ బావి ఏదో తెలియుట ఒక ఎత్తు, మంచినీరు తెచ్చుట ఒక ఎత్తు.

ఇక్కడి అధికారుల సమాధానము గంగానది కాలువ. హరిద్వారము నుండి వచ్చే కాలువ నీటిని మురాద్‌నగర్ వద్ద తీసుకొని శుద్ధి చేసి ఇస్తున్నారు. మంచిదే. అయితే ఆ కాలువను ఏటేటా దసరా, దీపావళి దినాలలో పూడిక తీతకై మూసివేస్తారు. అప్పుడు ఊరు మరల బోరుబావుల మీదనే పడుతుంది. అనగా పదకొండు నెలలు మరచిన బావి పండుగ వేళ మన గిన్నెలోనికి వస్తున్నది. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు ఆ వారంలో టాంకర్లకై పరుగెత్తుట ప్రణాళిక అనిపించుకోదు. కాలువ మూయు తేదీ ముందే తెలిసిన విషయము కదా! ఆ తేదీకి నెల ముందుగానే ప్రతి బోరు నీటినీ లోహాలకు, నైట్రేటుకు, క్రిములకు పరీక్షించి ఫలితాన్ని కాలనీ నోటీసు బోర్డుపై హిందీలో, మన భాషలలో అంటించాలని కోరుతున్నాము. పనికిరాని బోరును వట్టిగా వదిలివేయక సిమెంటుతో పూర్తిగా పూడ్చాలి. లేకపోతే పైనున్న విషము లోతు నీటికి దిగుటకు అదే గొట్టమవుతుంది.

క్వార్టర్లకు మాత్రమే ఈ కోరికను పరిమితము చేయుట మాకు సమ్మతము కాదు. పట్టాల వెంట నడిచే ట్రాక్‌మెన్, గేటు కాపలాదారు, కాంట్రాక్టు కూలీ దారిలో ఏ చేతిపంపు దొరికితే దానినే త్రాగుతారు. హిండన్ తీరపు పల్లెలలో చెడిన పంపులకు ఎర్రరంగు పూసినారు. ఎర్రరంగు పూసిన పంపును దప్పిగొన్నవాడు మరల కొట్టకుండ ఉండవలెనంటే ప్రక్కనే వేరొక కుళాయి ఉండాలి. పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల ఈ వ్యవహారము జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినది కూడా.

తపాలా సోదరులకు ఒక మనవి. ప్రతి గల్లీ తిరిగేది మీరు. ఏ పంపు మూసినారో, ఏ పంపు మూసినట్లు వ్రాసి ఇంకను పనిచేయుచున్నదో మీకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. మీ బీట్ల వారీగా ఆ వివరములు వ్రాసి ఇవ్వండి. రైల్వే శాఖల కార్యదర్శులు తమ కాలనీ బోర్ల చివరి పరీక్షా పత్రముల నకళ్లు అడిగి తీసుకొని, వచ్చే కార్యవర్గ సమావేశానికి తీసుకురావలసినది. పత్రము లేదని సమాధానము వస్తే, ఆ సమాధానమునే వ్రాతపూర్వకముగా తీసుకొనండి.