బి.పి. మాత్రలు - కండబలం



నేను డాక్టర్ని కాను. మీలాగే పాలిక్లినిక్ లైన్లో నిలబడేవాడిని. ఆ లైన్లో వినబడే మాటలు రెండు. "బి.పి. మాత్ర మొదలెట్టాక కాళ్ళలో సత్తువ పోయింది, మానేశా" అని ఒకరు. "ఫలానా మాత్ర కండకు మంచిదట" అని ఇంకొకరు. రెండూ ప్రమాదమే.

వయసుతో కండ తరగడం సహజం. దానికి 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. పెరిండోప్రిల్, ఎనలాప్రిల్ జాతి మాత్రలు వాడే వృద్ధ మహిళల్లో కాళ్ళ బలం తక్కువగా తరిగిందని 2002లో ఒక అమెరికా పరిశీలన తేల్చింది. ఆశ పుట్టింది. కానీ బ్రిటన్‌లో కండ తగ్గిన వృద్ధులకే పెరిండోప్రిల్ ఇచ్చి చూస్తే లాభం కనబడలేదని 2022లో ప్రకటించారు. కాబట్టి బి.పి. మాత్ర బి.పి. కోసమే. కండకు మందు కాదు.

మరి నీరసం ఎందుకు? నీరు పోయించే మాత్రలతో పొటాషియం, సోడియం తగ్గితే కాళ్ళు లాగుతాయి, నీరసం వస్తుంది. కొన్ని మాత్రలతో లేవగానే కళ్ళు తిరుగుతాయి. కొలెస్ట్రాల్ మాత్రతో కూడా కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. ఇవన్నీ డాక్టరుకి చెబితే రక్తపరీక్ష చేయించి మందో, మోతాదో మారుస్తారు. మనంతట మనమే మానేస్తే బి.పి. పెరిగి పక్షవాతం దాకా పోవచ్చు. అప్పుడు కండ ఉండీ ఏం లాభం?

ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. చేతులు గుండెకు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, ఆపైన పడితే డాక్టరుకి చెప్పాలని 2019 నాటి ఆసియా నిపుణుల కొలత. పడిపోతామన్న భయం ఉంటే పక్కన మనిషి ఉండాలి.

కండను నిలిపేది కసరత్తు, తిండి. ఉదయం పార్కులో నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తడమో, కుర్చీ బైఠక్‌లో చెయ్యాలి. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి గ్రాము, గ్రాముంబావు మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు, పెసరట్టు మనకున్నవే. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టర్నడిగే తినాలి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకండి, కాసేపు కూర్చుని లేవండి.

సర్వీసులో పి.టి. ఎగ్గొడితే ఉస్తాద్ ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు మనకు మనమే ఉస్తాదులం. మాత్ర వేళకి, కసరత్తు వేళకి. జై హింద్.