యంత్రనియంత్రణ విద్య – మన యువజనులు
(వార్షిక మహాసభయందొసంగిన యుపన్యాసము)



విశాఖ యుక్కు కర్మాగారము మొదలు పటాన్‌చెరు ఔషధశాలలవఱకు యంత్రములను క్రమము తప్పక నడపునది పి.ఎల్.సి. యను చిన్న పెట్టె. కార్ల నమూనా మాఱినపుడెల్ల రిలేల తీఁగెలు విప్పి మరల కట్టు శ్రమ తొలఁగవలెనని 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ కోరెను. రిచర్డ్ మోర్లీయు నతని సహచరులును నిర్మించిన మోడికాన్ 084 అను యంత్రము మఱుసటియేఁట వెలువడెను. సెన్సార్ల వార్తలను గ్రహించుట, వ్రాసియుంచిన నియమములను విచారించుట, మోటార్లకును వాల్వులకును ఆజ్ఞలిచ్చుట యను మూఁడు పనులను పి.ఎల్.సి. మిల్లీసెకండ్లలో ముగించి మరల మొదలిడుచుండును. ఆ నియమములు వ్రాయుట నేఁడొక గౌరవనీయమైన వృత్తి.

"అనుభవము లేనిదే యుద్యోగ మీయరు, ఉద్యోగము లేనిదే యనుభవ మెట్లు కలుగును?" అని మన యువకులు మొఱవెట్టుచున్నారు. ఎలక్ట్రీషియనుగనో, ప్యానెల్ వైరింగు చేయువాఁడుగనో, మెయింటెనెన్సు సహాయకుఁడుగనో ముందు కర్మాగారమునఁ గాలూనుటయే ఈ చిక్కునకు విడుపు.

ఒక్క యుదాహరణము చిత్తగింపుఁడు. యంత్రము నాపు మీటకు, సాధారణస్థితిలో మూసియుండు కాంటాక్టునే అమర్తురు. తీఁగె తెగినను మీట నొక్కినట్లే యంత్ర మాగిపోవును. తెఱచియుండు కాంటాక్టు నమర్చినచో, తెగిన తీఁగె యెవరికిని తెలియదు. ప్రమాదవేళ మీట నొక్కినను యంత్ర మాగదు. పనివాని ప్రాణ మిట్టి సూక్ష్మముపై నిలిచియున్నది. తీఁగె పట్టిన చేయి దీనిని మఱవదు. ప్రోగ్రాము మాత్ర మెఱిఁగినవాఁడును, వైరింగు మాత్ర మెఱిఁగినవాఁడును అంధపంగున్యాయమున నొకరి నొకరు ఆశ్రయింపవలసినదే. ఉభయ మెఱిఁగినవానినే యజమానులు వెదకుచున్నారు.

1993లో అంతర్జాతీయ విద్యుత్‌సాంకేతిక సంఘము పి.ఎల్.సి. కై యైదు భాషలను నిర్దేశించెను. రిలేపటములను బోలిన లాడర్ భాషతో నారంభించుట సులభము. కోడెసిస్ అను సాధనము ఉచితముగ లభించును. అందు యంత్రము లేకయే ప్రోగ్రామును పరీక్షింపవచ్చును. పిమ్మట పాతదైన చిన్న పి.ఎల్.సి., నాలుగు మీటలు, రెండు దీపములు సమకూర్చుకొని, నీటితొట్టి నిండుట, కూడలిదీపములు మాఱుట వంటివి స్వయముగ చేయవలెను. వైరింగు పటమును, ప్రోగ్రామును, వచ్చిన దోషమును, దిద్దిన విధమును గ్రంథస్థము చేసి యజమానునకు చూపవలెను. ఉద్యోగము నిశ్చయమని చెప్పి వేలకువేలు గైకొను శిక్షణాలయముల పత్రముకంటె నదియే బలవత్తరమైన సాక్ష్యము.

ఇఁక పెద్దలకొక మనవి. చేతికి నూనె యంటిన పని తక్కువదను భావము మనలో నింకను తొలఁగలేదు. సంబంధములు వెదకునపుడు ఫిట్టరని విన్నంతనే ముఖము త్రిప్పుకొనువారు కలరు. మన విద్యార్థివేతనములు డిగ్రీ చదువువారికే చెందుచున్నవి, ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులకు దక్కుట లేదు. ఈ నియమమును ఈ సభయందే సవరింపుఁడు. వసతిగృహమున నొక యభ్యాసపు బల్ల నేర్పరుపుఁడు. కర్మాగారములుగల దాతలు 1961 నాఁటి అప్రెంటిసుల చట్టము ననుసరించి, ఏఁటేఁట ఒక్కొక్క బాలునో బాలికనో చేర్చుకొందురుగాక. ద్వారముకడ నిలిచిన బిడ్డకు దారి విడుచుట మన ధర్మము.

స్వస్తి.