ఏ క్యాంపు మీది?



సింధనూరు బస్టాండులో మనల్ని ఎవరైనా మొదట అడిగేది "ఏ క్యాంపు మీది?" అనే కదా. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారాక కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు నుంచి రైతులు వచ్చి రాయచూరు జిల్లాలో భూములు కొన్నారు. వాళ్ళ ఊళ్ళకు క్యాంపులనే పేరు స్థిరపడిపోయింది. ఆ పొలాల్లో నాట్లకూ కోతలకూ వచ్చినవాళ్ళ పిల్లలం మనలో చాలామందిమి. మన పక్కనే ఆర్.హెచ్. క్యాంపులున్నాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు ప్రభుత్వం భూములిచ్చి అక్కడ స్థిరపరిచింది.

మైసూరులో చదువుకునే రోజుల్లో మేము ఇంకో రకం క్యాంపు చూశాం. అది బైలకుప్పె. 1959లో దలై లామా భారతదేశానికి వచ్చాక, మైసూరు రాష్ట్రం టిబెటన్లకు అక్కడ అడవి భూమి ఇచ్చింది. చలికాలంలో మన పట్టణాల్లో స్వెట్టర్లు అమ్మేవాళ్ళలో ఆ క్యాంపులవాళ్ళు కూడా ఉంటారు.

టిబెటన్ స్నేహితుల ఇళ్ళకు వెళ్తే ముందు వెన్న, ఉప్పు వేసిన టీ ఇచ్చేవారు. మొదటి గుక్క మింగడం కష్టమే! బౌద్ధులు కదా, మాంసం ముట్టరనుకున్నాం. మోమోల్లో మాంసమే పెట్టారు. "మీరేమిట్లు?" అని మాత్రం ఎవరూ అడగలేదు. మన ఊళ్ళో గ్లాసు చేతికిచ్చే ముందే ఆ ప్రశ్న వస్తుంది. అలాగని వాళ్ళ సమాజంలో ఎచ్చుతగ్గులు లేవని కాదు. కమ్మరులనూ కసాయివాళ్ళనూ తక్కువగా చూసిన చరిత్ర వాళ్ళకూ ఉంది.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది కాగితాల సంగతి. 1950 జనవరి 26 తర్వాత, 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టిన టిబెటన్లు భారత పౌరులేనని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయినా చాలామంది పౌరసత్వం తీసుకోలేదు. తీసుకుంటే స్వదేశం మీద హక్కు వదులుకున్నట్టే అవుతుందని వాళ్ళ బాధ. విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం రెన్యూవల్ చేయించుకుంటూనే బతుకుతున్నారు. వాళ్ళకు 1961 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ నడిపిన ప్రత్యేక బడులున్నాయి. చిన్న తరగతుల్లో పాఠాలు వాళ్ళ భాషలోనే చెబుతారు.

మన పక్క క్యాంపు బెంగాలీల కోరిక దీనికి పూర్తిగా వేరు. వాళ్ళకు తిరిగి వెళ్ళే ఆశ లేదు, ఇక్కడివాళ్ళమని రాసిన కాగితం కావాలి. పిల్లలు కన్నడ బడికి వెళ్తారు, బెంగాలీ ఇంటి భాషగా మిగిలింది. వాళ్ళలో ఎక్కువమంది నమశూద్రులు. పశ్చిమ బెంగాల్లో ఆ కులం ఎస్సీ జాబితాలో ఉంది. ఇక్కడ ఆ గుర్తింపు కోసం ఏళ్ళుగా అడుగుతున్నారు. అంటే ఊరు మారితే అంటరానితనం మారలేదు గాని సర్టిఫికెట్ పోయింది.

ఈ మాట మనకు ఎక్కడో తగలాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం మారితే మనకూ అదే సర్టిఫికెట్ పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తెరిచారు, క్రైస్తవులకు ఇంకా తెరవలేదు. ఒకరిది సరిహద్దు దాటిన కథ, మరొకరిది గుడి మారిన కథ, నిలబడేది మాత్రం తాలూకా ఆఫీసులో ఒకే కిటికీ ముందు.

లేవీయకాండం 19లో పరదేశి గురించిన మాటలు మన సంఘాల్లో చాలాసార్లు చదివాం. ఆర్.హెచ్. క్యాంపు పిల్లల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? స్కాలర్‌షిప్ దరఖాస్తులు మొదలయ్యే ముందు మన యూత్ మీటింగ్ ఒకటి వాళ్ళ క్యాంపులోనే పెట్టుకుందాం. చాపల పులుసు వాళ్ళు వండుతామంటారు, ఆవాలు నూరి వేస్తారు, అలవాటు లేనివాళ్ళకు ముక్కులో ఘాటు ఎక్కుతుంది.