వెలుగు కోసం ద్వీపాలైన ఊళ్లు
(నాగల్‌గిద్ద సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొన్ని ద్వీపాలను ప్రకృతి సృష్టిస్తుంది. కొన్నింటిని ప్రభుత్వాలు సృష్టిస్తాయి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా 1962లో ఒప్పందం చేసుకొని జలవిద్యుత్తు కోసం సీలేరుపై బలిమెల ఆనకట్ట నిర్మించాయి. జలాశయం నిండగా, నేటి మల్కన్‌గిరి జిల్లాలోని 151 గిరిజన గ్రామాలు మూడు వైపుల నీరు, ఒక వైపు అడవితో ఒంటరివైపోయాయి. ప్రభుత్వ కాగితాలు వాటికి ‘కటాఫ్ ఏరియా’ అని పేరు పెట్టాయి. అక్కడి నీటితో పుట్టిన విద్యుత్తు ఎక్కడెక్కడికో చేరింది. ఆ గుడిసెలు మాత్రం దశాబ్దాల పాటు చీకటిలోనే ఉన్నాయి. ప్రసవవేదనలో ఉన్న స్త్రీకీ పడవే దిక్కు. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018లో గాని ప్రారంభం కాలేదు.

ఈ కథ మనకెందుకు? గుమాస్తాగా జీవితమంతా దస్త్రాలు చూసిన నాకు తెలిసిందొక్కటే: దస్త్రంలో పేరు లేనివాడికి పరిహారం లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం, భూమి లేకున్నా మూడేళ్లుగా దానిపై ఆధారపడి బ్రతికిన కూలీలను, కౌలుదారులను సైతం బాధిత కుటుంబాలుగా గుర్తించింది. పట్టా లేని కుటుంబాలు మనలో అనేకం. కనుక కౌలు కాగితం, ఉపాధి కార్డు భద్రపరచుకోండి. గ్రామసభకు తప్పక వెళ్లండి. స్త్రీలనూ వెంట తీసుకువెళ్లండి. ప్రాజెక్టు వచ్చాక అడిగేది వేడుకోలు. రాకముందు అడిగేదే హక్కు.