ఒకరు దున్నిన పొలం, మనకు పండిన పంట



భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అమెరికా సుప్రీంకోర్టు థిండ్ కేసులో తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారింది. అయినా ఫోలిక్ యాసిడ్ పరిశోధనతో పేరుగాంచిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో కన్నుమూసే నాటికి ఈ దేశ పౌరులు కాలేదు.

1964 పౌరహక్కుల చట్టం వివక్షను నిషేధించింది. అదే స్ఫూర్తితో వచ్చిన 1965 వలస చట్టం పాత కోటాలను తీసేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాతే. 1966లో మెడికేర్ మొదలైనప్పుడు, నల్లవారిని వేరుచేసే ఆసుపత్రులకు సొమ్ము ఇవ్వబోమని ప్రభుత్వం తేల్చిచెప్పింది. కొద్ది నెలల్లోనే వందలాది ఆసుపత్రులు దారికొచ్చాయి.

ఉద్యమంలో దెబ్బలు తిన్నది నల్లజాతి సోదరులు; ఫలం మనకూ అందింది. ఆ ఋణం తీర్చుకుందాం. పౌరులైనవారు ఓటరుగా నమోదు కండి. పక్కవాడి హక్కు పోతుంటే మనకెందుకులే అనుకోకండి.