పదకొండు సంతకాలు
(నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగ్రవాదుల దాడి జరిగితే దేశాలన్నీ సంతాపం తెలుపుతాయి. జరగకుండానే పట్టుబడితే ఏం చేయాలి? ప్రాణనష్టం లేదు కదా అని ఫైలు మూసేయవచ్చునా? 1986 నాటి ఒక ఉదంతం మీ ముందుంచుతాను.

ఆ ఏడాది ఏప్రిల్ 17న లండన్ హీత్రో విమానాశ్రయానికి ఐర్లండు దేశపు గర్భవతి ఒకామె వచ్చింది. ఇజ్రాయెల్ వారి ఎల్ ఆల్ విమానం ఎక్కాలి. భద్రతా సిబ్బంది ప్రశ్నలు వేశారు, సంచి తనిఖీ చేశారు. సామానంతా తీసేసినా సంచి బరువుగానే ఉంది. అడుగున సుమారు కిలోన్నర పేలుడు పదార్థం దొరికింది. పెళ్లి చేసుకుంటానని నమ్మించిన నిజార్ హిందావీ అనే జోర్డాన్ దేశస్థుడు ఆమెకు తెలియకుండా పెట్టిన బాంబు అది. ఆ విమానంలో 370 మందికి పైగా ప్రయాణికులు.

ఇక మన గుమాస్తాలకు పరిచయమైన పని మొదలైంది. కాగితాలు తిరగేశారు. హిందావీ మారుపేరుతో, సిరియా ప్రభుత్వం ఇచ్చిన అధికారిక పాస్‌పోర్టు మీద వచ్చాడు. వీసా దరఖాస్తుకు సిరియా విదేశాంగ శాఖ సిఫారసు ఉంది. బాంబు పట్టుబడ్డాక అతడు లండన్‌లోని సిరియా రాయబార కార్యాలయానికి వెళ్లాడు. తమకేమీ సంబంధం లేదని సిరియా వాదించింది.

బ్రిటన్ మే నెలలో ముగ్గురు సిరియా దౌత్య ఉద్యోగులను పంపివేసింది. కాని పెద్ద నిర్ణయానికి కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగింది. అక్టోబరు 24న హిందావీకి 45 ఏళ్ల జైలు పడింది. ఆ రోజే విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌ సిరియాతో దౌత్య సంబంధాలు తెంచుకుంటున్నామని ప్రకటించారు. అమెరికా, కెనడా తమ రాయబారులను వెనక్కు పిలిపించాయి.

అసలు చిక్కు యూరప్‌లో వచ్చింది. ఆనాటి యూరోపియన్ కమ్యూనిటీలో 12 దేశాలు. ఎవరి ఇంటి ఇబ్బంది వారిది. ఫ్రాన్సు పౌరులు లెబనాన్‌లో బందీలుగా ఉన్నారు. అక్కడ సిరియా మాట చెల్లుతుంది. అక్టోబరు 27 సమావేశంలో ఒప్పందం కుదరలేదు. నవంబరు 10న లండన్‌లో మళ్లీ కూర్చున్నారు. కొత్తగా ఆయుధాలు అమ్మరాదు, ఉన్నత స్థాయి రాకపోకలు ఆపాలి, సిరియా రాయబార కార్యాలయాల మీద, విమానసంస్థ మీద నిఘా పెంచాలి అని 11 దేశాలు అంగీకరించాయి. గ్రీసు కలవలేదు.

ఇంతేనా అని పెదవి విరిచినవారున్నారు. నేను అలా అనను. ఒక్కరే రాసిన నోటు ఎంత ఘాటుగానైనా ఉండవచ్చు. పదకొండు మంది సంతకం పెట్టే నోటు మెత్తబడక తప్పదు. అయినా పేలని బాంబు కూడా నేరమేనని, ఆ నేరానికి ఒక ప్రభుత్వం జవాబు చెప్పాలని అన్ని దేశాలు కలిసి కాగితం మీద పెట్టాయి. అది చిన్న సంగతి కాదు.

కువైట్ సంక్షోభంలో సిరియా ఇరాక్‌కు వ్యతిరేకంగా నిలిచింది. 1990 నవంబరులో బ్రిటన్ తిరిగి సంబంధాలు కలుపుకుంది. అవసరాలు మారితే పాత ఫైళ్లు అడుగుకు పోతాయి. అందుకే రాజధానుల్లో తీసుకునే నిర్ణయాల కంటే తనిఖీ బల్ల దగ్గర మెలకువ ముందు రక్షణ.

మనలో చాలామంది పిల్లల దగ్గరికి విదేశాలకు వెళుతున్నాం. "మా అబ్బాయికి ఈ పొట్లం కాస్త అందించండి" అని ఎవరో ఇస్తారు. మొహమాటపడకండి. విప్పి చూడనిది పెట్టెలో పెట్టకండి. విమానాశ్రయంలో పెట్టె ఎవరు సర్దారని అడిగితే విసుక్కోకుండా ఉన్నదున్నట్లు చెప్పండి. ఆనాడు అంతమంది ప్రాణాలు నిలిచింది అటువంటి ప్రశ్నల వల్లనే.